కంటిన్యుయేషన్ స్కూల్లో టీచర్ పోస్టు: కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టేముందు కాంట్రాక్టులో ఏం చూడాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కాలిఫోర్నియాలో లెక్కల టీచర్ క్రెడెన్షియల్ (బోధనకి లైసెన్సు) ఈ మధ్యే చేతికొచ్చింది. బే ఏరియాలో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) వాళ్లు తమ కంటిన్యుయేషన్ హైస్కూల్లో పోస్టు ఇస్తామన్నారు. ఆఫర్‌తో పాటు "ఆల్టర్నేటివ్ ప్రోగ్రామ్‌లో పనిచేయడానికి నాకు సమ్మతమే" అనే ఒక పేజీ ఫారం కూడా పంపి, శుక్రవారంలోగా సంతకం చేయమన్నారు. టీచర్ల యూనియన్‌కీ డిస్ట్రిక్ట్‌కీ మధ్య కుదిరిన కాంట్రాక్ట్ చూస్తే 140 పేజీలుంది. ఇంట్లో వాళ్లేమో "గవర్నమెంటు ఉద్యోగం, ఆలోచించేదేముంది, పెట్టెయ్" అంటున్నారు. పెట్టొచ్చా?

పెట్టొచ్చు. కానీ మూడు సంగతులు కాగితం మీదకి వచ్చాకే పెట్టండి. ఒకటి, మీరు ప్రొబేషనరీయా (పర్మనెంట్ అయ్యే దారిలో ఉన్న హోదా), టెంపరరీయా. రెండు, లెక్కలు కాక ఇంకా ఏ సబ్జెక్టులు మీచేత చెప్పిస్తారు. మూడు, రేపు మామూలు హైస్కూలుకి వెళ్లాలనుకుంటే దారి ఏమిటి. ఈ మూడూ తేలితే మిగతావి చేరాక కూడా చూసుకోవచ్చు.

నేను ఇలాంటి స్కూల్లోనే 14 ఏళ్లుగా లెక్కలు చెప్తున్నాను. అంతకుముందు ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లు చెప్పాను. రెండుసార్లు మా యూనియన్ తరఫున కాంట్రాక్ట్ చర్చల్లో కూర్చున్నాను కాబట్టి ఈ క్లాజులు ఎలా పుడతాయో, ఎక్కడ నీరుగారిపోతాయో దగ్గర నుంచి చూశాను.

ఈ స్కూళ్ల గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. కాలిఫోర్నియాలో కంటిన్యుయేషన్ చదువు 1919 నుంచీ ఉంది. 16 ఏళ్లు నిండి, క్రెడిట్లలో (గ్రాడ్యుయేట్ కావడానికి కోర్సుల్లో కూడబెట్టాల్సిన పాయింట్లు) బాగా వెనకబడి, మామూలు హైస్కూల్లో ఉంటే గ్రాడ్యుయేట్ కాలేరనుకున్న పిల్లలు ఇక్కడికి వస్తారు. మన వాళ్లలో చాలామంది దీన్ని "చెడిపోయిన పిల్లల బడి" అనుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. నా క్లాసులో ఉన్నవాళ్లలో ఎక్కువమంది రాత్రి షిఫ్టులు చేసేవాళ్లు, చెల్లెళ్లని తమ్ముళ్లని చూసుకునేవాళ్లు, ఏడాదిలో మూడు ఇళ్లు మారినవాళ్లు.

ఆ ఫారం ఎందుకు పంపారో ముందు అర్థం చేసుకోండి. ఎడ్యుకేషన్ కోడ్‌లో 44865 అనే సెక్షన్ ఉంది. కంటిన్యుయేషన్ స్కూల్, ఆల్టర్నేటివ్ స్కూల్, ఆపర్చునిటీ స్కూల్, జువెనైల్ కోర్ట్ స్కూల్, కమ్యూనిటీ డే స్కూల్, ఇండిపెండెంట్ స్టడీ (రోజూ క్లాసుకి రాకుండా, టీచర్ ఇచ్చిన పని సొంతంగా చేసుకునే పద్ధతి) లాంటి చోట్ల, డిగ్రీ, స్టూడెంట్ టీచింగ్ ఆధారంగా వచ్చిన క్రెడెన్షియల్ ఏదైనా ఉంటే చాలు, ఆ టీచర్‌ని వేయవచ్చని ఆ సెక్షన్ చెప్తుంది. అంటే లెక్కల టీచర్ ఇంగ్లిష్ చెప్పొచ్చు, హిస్టరీ చెప్పొచ్చు. కానీ ఒక షరతు పెట్టింది: టీచర్ సమ్మతి ఉండాలి. లెక్కల క్రెడెన్షియల్ ఉన్న మీరు లెక్కలే చెప్పేటట్టయితే ఈ సెక్షన్ అండ వాళ్లకి పెద్దగా అక్కర్లేదు. సమ్మతి అడుగుతున్నారంటే చాలావరకు మీచేత వేరే సబ్జెక్టులు కూడా చెప్పించే ఆలోచన ఉందనే అర్థం. అది తప్పేమీ కాదు. ఈ స్కూళ్లు నడిచేదే అలా. కానీ ఏ సబ్జెక్టులో అడిగి తెలుసుకునే హక్కు మీది. చట్టం మీ చేతికిచ్చిన పట్టు ఈ సంతకమే. పెట్టకముందు దానికున్న విలువ పెట్టాక ఉండదు.

ఇక ప్రొబేషనరీయా టెంపరరీయా అన్నది. నన్నడిగితే కాంట్రాక్ట్ మొత్తంలో కంటే ఈ ఒక్క పదమే మీ వచ్చే అయిదేళ్లని నిర్ణయిస్తుంది. మామూలు ప్రొబేషనరీ టీచర్‌కి వరసగా రెండేళ్లు పూర్తయి, రెండో ఏడాది మార్చి 15 లోపు "మళ్లీ తీసుకోం" అనే నోటీసు రాకపోతే మూడో ఏడాది మొదట్లో పర్మనెంట్ అవుతారు. కానీ ఆల్టర్నేటివ్ ప్రోగ్రాములు చాలాసార్లు గ్రాంటు డబ్బుతో నడుస్తాయి. అలాంటి పోస్టుల్లో 44909 సెక్షన్ కింద తీసుకుంటారు. ఆ సెక్షన్ ప్రకారం ప్రాజెక్ట్ గడువు ముగిస్తే ఉద్యోగమూ ముగియవచ్చు. అక్కడ చేసిన సర్వీసు పర్మనెంట్ లెక్కలోకి రావాలంటే రెండు జరగాలి: ఆ ఏడాది పనిదినాల్లో కనీసం 75 శాతం పనిచేసి ఉండాలి, ఆ తర్వాత ప్రొబేషనరీగా తీసుకోవాలి. రెండోది జరగకపోతే ఎన్నేళ్లు చేసినా అదంతా లెక్కలోకి రాకుండా పోతుంది.

మా స్కూల్లో నాతో పాటే ఒకావిడ చేరింది. సైన్స్ టీచర్, చాలా బాగా చెప్పేది. మూడేళ్లు చేసింది. గ్రాంటు అయిపోయిన వేసవిలో ఉత్తరం వచ్చింది. అప్పుడు ఆఫర్ లెటర్ తీసి చూస్తే, రెండో పేజీలో కిందన, చిన్న అక్షరాల్లో "కేటగారికల్" అనే మాట, అంటే ఒక ప్రత్యేక పనికోసమే ఇచ్చిన నిధులతో నడిచే పోస్టు అని. మూడేళ్ల క్రితం ఆ మాట చదివింది, కానీ అదేమిటని ఎవర్నీ అడగలేదు. ఆ రోజు స్టాఫ్ రూంలో ఆవిడ ఆ కాగితం పట్టుకుని కూర్చున్న తీరు నాకిప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి కొత్తగా ఎవరు చేరినా ముందు వాళ్ల ఆఫర్ లెటర్ తెమ్మని అడిగి చూస్తాను.

మీకు అనుకూలమైన సెక్షన్ కూడా ఒకటుంది, 44916. చేరేటప్పుడే మీ హోదా ఏమిటో, జీతమెంతో రాతపూర్వకంగా ఇవ్వాలి. టెంపరరీ అయితే ఆ సంగతీ, ఎంతకాలమో స్పష్టంగా ఉండాలి. అలా ఇవ్వకపోతే ప్రొబేషనరీ కిందే లెక్క. కాబట్టి ఇదేదో వాళ్లు దయతలచి చేసే పని కాదు, మొహమాటపడకుండా అడగండి.

వెనక్కి వెళ్లే దారి. ఇది నా సొంత అనుభవం. మొదటి ఏడాది నేనూ మీలాగే ఫారం మీద సంతకం పెట్టేశాను. నాలుగో ఏడాది మా అబ్బాయి స్కూలుకి దగ్గర్లో ఉన్న పెద్ద హైస్కూల్లో లెక్కల పోస్టు ఖాళీ అయింది. అడిగితే హెచ్‌ఆర్ వాళ్లు చెప్పింది ఇది: మా కాంట్రాక్టులో ప్రాధాన్యం "డిస్‌ప్లేస్" అయిన టీచర్లకే, అంటే స్కూలు మూతపడో, పిల్లలు తగ్గో కదలాల్సి వచ్చినవాళ్లకి. నేను ఇష్టపడి వెళ్లినదాన్ని కాబట్టి ఇష్టపడి బదిలీ అడిగేవాళ్లందరితో పాటే వరసలో ఉండాలి. రెండేళ్లు వరసలో ఉన్నాను. తర్వాత వచ్చిన చర్చల్లో మేం ఈ క్లాజు కోసమే గట్టిగా పట్టుబట్టాం. ఇప్పుడు మా దగ్గర ఆల్టర్నేటివ్ ప్రోగ్రామ్‌లో రెండేళ్లు చేసినవాళ్లు ఫిబ్రవరి 1 లోపు రాసిస్తే, తమ క్రెడెన్షియల్‌కి తగిన ఖాళీకి బయటి అభ్యర్థుల కంటే ముందు వాళ్లనే పరిగణించాలి. "పరిగణించాలి" అని ఉందే కానీ "ఇవ్వాలి" అని లేదు, గమనించండి. "ఇవ్వాలి" అనే మాట కోసం మూడు రాత్రులు కూర్చున్నా సాధించలేకపోయాం.

మీ కాంట్రాక్టులో ట్రాన్స్‌ఫర్, రీఅసైన్‌మెంట్ ఆర్టికల్ తీయండి. కంటిన్యుయేషన్ స్కూలు పేరు అందులో విడిగా ఉందా చూడండి. లేకపోతే మామూలు నియమాలే వర్తిస్తాయి. అప్పుడు "వాలంటరీ", "ఇన్‌వాలంటరీ" అనే రెండు మాటల నిర్వచనాలు మీకు ముఖ్యం. ప్రోగ్రామ్ మూతపడితే ఏమవుతుందో కూడా అక్కడే ఉంటుంది. లేఆఫ్‌ల (డబ్బు లేకో, పని తగ్గో ఉద్యోగాలు తీసేయడం) సంగతి మాత్రం చట్టంలో ఉంది: మార్చి 15 లోపు ముందస్తు నోటీసు, మే 15కి ముందు తుది నోటీసు, సీనియారిటీ ప్రకారం. డబ్బు తగ్గినప్పుడు ఆల్టర్నేటివ్ ప్రోగ్రామునే ఒక ప్రత్యేక సర్వీసుగా చూపించి కోతపెట్టే అవకాశం ఉంది. అలాగే ప్రత్యేక శిక్షణ, అనుభవం ఉన్న టీచర్‌ని జూనియర్ అయినా తీసేయకుండా ఉంచే వెసులుబాటు కూడా ఆ చట్టంలోనే, 44955 సెక్షన్‌లో ఉంది. కాబట్టి మీరు తీసుకునే ప్రతి ట్రైనింగ్ సర్టిఫికెట్టూ ఫైల్లో పెట్టుకోండి.

క్లాసులో ఎంతమంది అన్నది అన్నిటికంటే మోసపుచ్చే అంకె. కంటిన్యుయేషన్‌కి 22 అని మీ కాంట్రాక్టులో ఉండవచ్చు, పక్కనే మామూలు హైస్కూలుకి 34 ఉండవచ్చు. చూడగానే ఎంత బాగుందో అనిపిస్తుంది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ 22 రిజిస్టర్లో ఉన్న పేర్లా, రోజూ వచ్చే పిల్లల సగటా? మన పిల్లలు రోజూ రారు. "సగటు హాజరు 22" అని రాస్తే రిజిస్టర్లో 33 పేర్లుండచ్చు. ఆ 33 మందికీ పని తయారుచేయాలి, దిద్దాలి, ఇళ్లకి ఫోన్లు చేయాలి, క్రెడిట్లు లెక్క కట్టాలి. వర్షం పడి అందరూ వచ్చిన రోజు కుర్చీలు చాలవు.

దానికి తోడు, "ప్రెప్" క్లాజు. ప్రెప్ అంటే ఒక కోర్సుకి టీచర్ విడిగా చేసుకోవాల్సిన తయారీ. చాలా కాంట్రాక్టుల్లో ఒక టీచర్‌కి రోజుకి ఇన్ని వేరువేరు కోర్సులకు మించి ఇవ్వకూడదని ఉంటుంది. అది పీరియడ్‌కి ఒక కోర్సు అనే లెక్కతో రాసిన క్లాజు. మా దగ్గర ఒకే పీరియడ్‌లో, ఒకే గదిలో ఆల్జీబ్రా 1 చేసేవాళ్లు ఆరుగురు, జామెట్రీ నలుగురు, కన్స్యూమర్ మ్యాథ్ అయిదుగురు, ఎకనామిక్స్ ప్యాకెట్ పూర్తిచేస్తే గ్రాడ్యుయేట్ అయిపోయే పిల్ల ఒకత్తి ఉంటారు. క్లాజు భాషలో ఇది ఒక ప్రెప్, నా టేబుల్ మీద నాలుగు కట్టలు. మేం పోయినసారి "పీరియడ్" అనే మాట తీసేసి "కోర్సు" అని పెట్టించాం. ఆ ఒక్క మాటకి ఏడు నెలలు పట్టింది.

ఎందుకింత పట్టుదల అంటే ఒక పిల్లాడి గురించి చెప్పాలి. పదిహేడేళ్లు. రాత్రి పదకొండు దాకా గోడౌన్లో పెట్టెలు ఎత్తి, పొద్దున్నే వచ్చి చివరి వరసలో కూర్చునేవాడు. సరళరేఖా సమీకరణాల కాగితం ముందు పెడితే మొదటి లెక్క దగ్గరే ఆగి, పెన్సిల్‌తో అంచున గీతలు గీస్తుండేవాడు. అందరి ముందూ అడిగితే "వచ్చు మిస్" అంటాడు. పక్కన కుర్చీ వేసుకుని పది నిమిషాలు కూర్చుంటే అప్పుడు తెలిసింది, ఋణ సంఖ్యల తీసివేతే రాదని. ఆరో తరగతిలో తప్పిన మెట్టు అది. మూడు వారాలు, రోజుకి పది నిమిషాలు కూర్చున్నాను. గదిలో 20 మంది ఉన్న ఏడాది కాబట్టి కూర్చోగలిగాను. 33 మంది ఉన్న ఏడాదిలో అలాంటి పిల్లలు ఎందరు "వచ్చు మిస్" అని తప్పించుకున్నారో. క్లాస్ సైజు క్లాజు టీచర్ సుఖం కోసం అనుకునేవాళ్లకి నేను ఈ సంగతే చెప్తాను.

పనిగంటల గురించి. కంటిన్యుయేషన్‌లో పిల్లలకి ఒక రోజు హాజరంటే 180 నిమిషాలు, మామూలు హైస్కూల్లో కనీసం 240. ఒక విద్యార్థికి వారానికి 15 గంటలకు మించి హాజరు లెక్కలోకి రాదు. పిల్లలకి మూడు గంటలే కదా, టీచర్‌కి తేలిక అనుకోవద్దు. చాలాచోట్ల పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఒక బ్యాచ్ నడుపుతారు. మీ కాంట్రాక్టులో రోజుకి బోధన నిమిషాల పరిమితి ఈ స్కూలుకి కూడా రాశారా, రెండు బ్యాచ్‌ల మధ్య భోజనం, ప్రెప్ సమయం ఉన్నాయా చూడండి. ఒకవేళ మిమ్మల్ని తర్వాత కమ్యూనిటీ డే స్కూలుకి మారుస్తామంటే అక్కడ లెక్క పూర్తిగా వేరు, పిల్లలకి రోజుకి 360 నిమిషాల బోధన తప్పనిసరి.

ఇండిపెండెంట్ స్టడీ పిల్లల్ని కూడా కొందర్ని మీకు ఇవ్వొచ్చు. ఇక్కడ టీచర్‌కి పిల్లల నిష్పత్తి డిస్ట్రిక్ట్‌లోని మిగతా ప్రోగ్రాముల నిష్పత్తిని దాటకూడదు, యూనియన్ కాంట్రాక్టులో వేరే అంకె ఒప్పుకుంటే తప్ప. కాబట్టి వేరే అంకె ఏదైనా ఒప్పుకున్నారేమో వెతకండి. ఇంకొకటి: ఆ పిల్లలకి విద్యార్థి, తల్లిదండ్రులు, టీచర్ సంతకాలతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఆడిట్‌లో ఒక సంతకమో తేదీయో లేకపోతే ఆ హాజరు డబ్బు డిస్ట్రిక్ట్ కోల్పోవచ్చు, ఆ ఒత్తిడి మీ మీదకే వస్తుంది. వెనకటి తేదీ వేసి సంతకం చేయమని ఎవరడిగినా చేయకండి.

భద్రత గురించి మీరు కొంచెం భయంగా అడిగారు. 14 ఏళ్లలో నా మీద చెయ్యెత్తిన పిల్లాడు ఒక్కడూ లేడు. అయినా మీ హక్కులు తెలిసుండాలి. గత మూడేళ్లలో సస్పెన్షన్‌కి తగిన పనులు చేసిన విద్యార్థి మీ క్లాసుకి వస్తుంటే డిస్ట్రిక్ట్ మీకు తెలియజేయాలి, పొగాకు కేసులు తప్ప. అది 49079 సెక్షన్. ఆ సమాచారం రహస్యంగా ఉంచాల్సిన బాధ్యత మీది. 2024 జులై 1 నుంచి ఎస్‌బీ 553 చట్టం కింద పనిచోట హింస నివారణకు రాతపూర్వక ప్లాన్, ఘటనల లాగ్ ఉండాలి. మీ స్కూలు ప్లాన్ ఎక్కడుందో మొదటి వారమే అడగండి. కాంట్రాక్టులో చూడాల్సింది కొత్త పిల్లల్ని ఎప్పుడెప్పుడు చేర్చుకుంటారన్నది. ఆరు వారాలకోసారి బ్యాచ్‌గా వస్తే ఫైలు చదివే టైం దొరుకుతుంది. రోజుకొకరు వస్తుంటే పిల్లాడు తలుపు తీసుకుని వచ్చాకే వాడి పేరు తెలుస్తుంది.

ఎవాల్యుయేషన్ (మీ పనితీరు మదింపు) మామూలు కాంట్రాక్టు ప్రకారమే ఉంటుంది, ప్రొబేషన్‌లో ఏటా. మామూలు హైస్కూలు పరీక్ష మార్కులతో మీ పిల్లల్ని పోల్చి మీకు మార్కులేసే భాష ఎక్కడైనా ఉంటే యూనియన్ దృష్టికి తీసుకెళ్లండి. మీ క్రెడెన్షియల్ ప్రిలిమినరీ (తొలి దశది) అయితే అయిదేళ్లలో ఇండక్షన్ (మెంటర్‌తో కలిసి చేసే కొత్త టీచర్ల శిక్షణ) పూర్తిచేయాలి. ఇలాంటి చిన్న స్కూల్లో మీ సబ్జెక్టు మెంటర్ ఉండకపోవచ్చు, ఎవరిని ఇస్తారో ముందే అడగండి. ఇండియాలో చేసిన సర్వీసుకి జీతం మెట్లు ఇస్తారా అన్నది డిస్ట్రిక్ట్‌ని బట్టి మారుతుంది. జీతాల ఆర్టికల్లో గుర్తింపు పొందిన స్కూళ్లు అనే మాట, సర్వీసు పత్రాలు ఇవ్వడానికి గడువు చూడండి. ఆ గడువు దాటితే తర్వాత సరిచేయడం కష్టం. ఊళ్లో పాత హెడ్మాస్టరు గారికి ఈ వారమే ఫోన్ చేసి లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ తెప్పించుకోండి.

140 పేజీలు చదవక్కర్లేదు. పీడీఎఫ్‌లో "కంటిన్యుయేషన్", "ఆల్టర్నేటివ్", "ఇండిపెండెంట్ స్టడీ", "కేటగారికల్" అనే నాలుగు మాటలు వెతకండి. తర్వాత చివరి పేజీలకి వెళ్లండి. ఆల్టర్నేటివ్ ప్రోగ్రాముల అసలు షరతులు తరచుగా వెనక ఉండే సైడ్ లెటర్లు, ఎంఓయూల్లోనే (కాంట్రాక్టుకి జతచేసే విడి ఒప్పందాలు) ఉంటాయి. వాటికి గడువు తేదీ ఉంటుంది. ముందు పేజీల్లోని ఆర్టికల్ చూసి ధైర్యంగా ఉంటే, దాన్ని మార్చేసిన ఎంఓయూ వెనక ఉండొచ్చు. లేదా మీకు మేలు చేసే ఎంఓయూ పోయిన జూన్ 30తో అయిపోయి ఉండొచ్చు.

ఒక పరిమితి కూడా చెప్పాలి. క్లాస్ సైజు, ట్రాన్స్‌ఫర్, పనిగంటలు, భద్రత, ఎవాల్యుయేషన్ పద్ధతి, ఇవన్నీ 1975 నాటి చట్టం ప్రకారం యూనియన్, డిస్ట్రిక్ట్ కూర్చుని మాట్లాడుకునే అంశాలు. మీరొక్కరే హెచ్‌ఆర్‌తో మాట్లాడి వీటిని మార్చుకోలేరు. మీరు అడగగలిగింది మీ హోదా, మీ సబ్జెక్టులు, మీ స్కూలు, ఇవి రాసి ఇవ్వమని. యూనియన్‌లో సభ్యత్వం తీసుకున్నా తీసుకోకపోయినా కాంట్రాక్ట్ మీకు వర్తిస్తుంది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన జానస్ తీర్పు తర్వాత ఫీజు కట్టమని ఎవరూ బలవంతం చేయలేరు. నేను మాత్రం కడతాను, ఆ ఏడు నెలల కష్టం ఎవరిదో నాకు తెలుసు కాబట్టి.

డల్లాస్ వైపు ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే: ఇదంతా మీకు వర్తించదు. టెక్సస్‌లో టీచర్లకి ఇలా యూనియన్ కాంట్రాక్ట్ కుదుర్చుకోవడాన్ని చట్టమే ఒప్పుకోదు. మీకు ఎవరి కాంట్రాక్ట్ వాళ్లదే. అక్కడి క్రమశిక్షణ స్కూళ్లకి మార్చే సంగతి మీ కాంట్రాక్టులోని రీఅసైన్‌మెంట్ వాక్యంలో చూసుకోవాలి. రాజీనామా చేయాలంటే స్కూలు మొదలయ్యే రోజుకి 45 రోజుల ముందే చేయాలి, లేదంటే మీ టీచర్ సర్టిఫికెట్ మీదకి రావచ్చు.

ఇక మీరు ఈరోజు చేయాల్సింది. హెచ్‌ఆర్‌కి మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టండి: ఆఫర్‌కి ధన్యవాదాలు, ఉద్యోగం చేయాలని ఉంది, సమ్మతి ఫారం పంపేముందు నా హోదా ప్రొబేషనరీయా టెంపరరీయా, టెంపరరీ అయితే ఏ సెక్షన్ కింద, ఎంతకాలం, 44865 కింద నాకు ఇవ్వబోయే సబ్జెక్టులేమిటి, ట్రాన్స్‌ఫర్ హక్కులు ఏ ఆర్టికల్ కింద వస్తాయి, ఇవి రాసి పంపగలరు. అదే ఈమెయిల్ యూనియన్ ఆఫీసుకి కాపీ పెట్టండి. శుక్రవారం గడువు చూసి టెన్షన్ పడకండి, రెండు రోజులు పొడిగించమని అడిగినందుకు లెక్కల టీచర్‌ని వదులుకునే డిస్ట్రిక్ట్‌ని నేనింతవరకు చూడలేదు. జవాబు వచ్చాక హోదా గురించి రాసిన వాక్యం, ట్రాన్స్‌ఫర్ ఆర్టికల్లోని పేరా, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. ఆదివారం సాయంత్రం కూర్చుని చదివి చెప్తాను.